ఆస్ట్రేలియా కాఫీలో ఎవరి పాలెంత?

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా రాసి ఇమ్మని కార్యదర్శిగారు కోరినప్పుడు, నేను డి.ఎ. బకాయిల గురించో, హెల్త్ కార్డుల గురించో రాస్తానని అనుకొని ఉంటారు. ఆ విషయాలు నాకన్నా బాగా రాయగలవారు మన సంఘంలో చాలామంది ఉన్నారు. నేను 1972 నుంచి 2008 దాకా రెవెన్యూ శాఖలో గుమాస్తాగా పనిచేసినవాణ్ణి. పాత ఫైలు మొదటి పేజీ నుంచి తిరగేసి, సంగతి ఇదీ అని నోటు రాసి పై అధికారి ముందు పెట్టడమే నాకు తెలిసిన విద్య. ఈసారి ఒక దేశం ఫైలు తిరగేశాను. దేశం ఆస్ట్రేలియా. విషయం కాఫీ. అధికారులు మీరే.

ఈ ఫైలు నా చేతికి ఎలా వచ్చిందో ముందు చెప్పాలి.

నేను రిటైరైన ఏడాదే గ్రాట్యుటీ, కమ్యుటేషన్ డబ్బులు కలిపి మా అబ్బాయిని మెల్‌బోర్న్‌కు చదువుకు పంపించాను. మనలో చాలామంది చేసిన పనే అది. ఏడాది తిరక్కుండానే, 2009 మే, జూన్ నెలల్లో, అక్కడ భారతీయ విద్యార్థుల మీద దాడులు మొదలయ్యాయి. మన తెలుగు కుర్రాడికి కూడా తీవ్రంగా గాయాలయ్యాయని టీవీలో చూపించిందే చూపించారు. మా ఆవిడ అన్నం మానేసింది. నేను ఫోన్లో “ఒరేయ్, పోయిన డబ్బు పోయింది, నువ్వు వచ్చెయ్యి” అన్నాను. వాడు “కొంచెం ఆగండి నాన్నా. రాత్రి డ్యూటీ అయ్యాక నన్ను ఇంటి దగ్గర దింపే మనిషి ఉన్నాడు. భయం లేదు” అన్నాడు.

ఆ మనిషి వాడు సాయంత్రాలు కప్పులు కడిగే కాఫీ కొట్టు యజమాని. ఇటలీ నుంచి వచ్చి స్థిరపడ్డ పెద్దాయన. అప్పటికే డెబ్భై ఏళ్ళు. కొట్టు కట్టేశాక, తన ఇల్లు ఇంకో దిక్కున ఉన్నా, ముందు మావాణ్ణి కారులో దించి వెళ్ళేవాడట. గొడవలు సద్దుమణిగేదాకా రోజూ అదే పని. “నేను వచ్చిన కొత్తలో నన్ను కూడా కొట్టారు. అప్పుడు నన్ను దింపేవాడు లేడు” అని మావాడితో అన్నాడట.

ఆయనకు నమస్కారం పెట్టి రావాలని అప్పుడే అనుకున్నాను. 2014లో మనవడు పుట్టినప్పుడు మా ఆవిడ వెళ్ళివచ్చింది. మా అమ్మ మంచం మీద ఉండడంతో నేను కదల్లేకపోయాను. తర్వాత కరోనా వచ్చింది. చివరికి 2023 మార్చిలో ఇద్దరం కలిసి వెళ్ళాం. పెట్టెలో ఆవకాయతోపాటు మా ఇంటి ఇత్తడి ఫిల్టరు, రెండు కిలోల చికోరీ కలిపిన కాఫీపొడి కూడా పెట్టుకున్నాను. పరాయి దేశంలో కాఫీకి ఇబ్బంది పడతానేమోనని నా భయం.

తేనీటి దేశంలో కాఫీ యంత్రాలు

ఆస్ట్రేలియా తెల్లవాళ్ళలో మొదటివారు ఇంగ్లీషువాళ్ళు కదా, అక్కడ అంతా టీయే ఉంటుందనుకున్నాను. తీరా చూస్తే రైల్వే స్టేషను బయట, ఆసుపత్రి వరండాలో, క్రికెట్ మైదానం పక్కన, సందుల్లో, గొందుల్లో, ఎక్కడ చూసినా కాఫీ కొట్టే. ప్రతి కొట్టులోనూ చిన్న రైలింజనంత ఎస్ప్రెసో యంత్రం, ‘కస్సు’మని ఆవిరి. అక్కడ “ఒక కాఫీ” అంటే ఇవ్వరు. ఏ కాఫీ అని అడుగుతారు. పాలు లేకుండా చిక్కగా చిన్న కప్పులో ఇస్తే షార్ట్ బ్లాక్. వేడినీళ్ళ మీద డికాక్షను పోసిస్తే లాంగ్ బ్లాక్. నురగ బాగా తేల్చి, పైన చాక్లెట్ పొడి చల్లితే కపుచినో. నురగ పల్చగా, పాలు నున్నగా ఉంటే ఫ్లాట్ వైట్. చివరికి ఎనిమిదేళ్ళ మా మనవడికి కూడా ఒకటుంది. కాఫీ చుక్క కూడా లేని పాల నురగ. దాని పేరు బేబీచినో. కాఫీ కొట్టుకు పెద్దవాళ్ళతో వచ్చే పిల్లలకు అక్షరాభ్యాసం అన్నమాట.

ఇంగ్లీషువాళ్ళ వలసకు ఈ అలవాటు ఎవరు తెచ్చారు? నా ఫైలు ఇక్కడ మొదలవుతుంది.

1787లో ఇంగ్లాండు నుంచి ఖైదీలను తీసుకెళ్ళిన మొదటి ఓడలు దారిలో రియో డి జనీరోలో ఆగినప్పుడు కాఫీ మొక్కలు, గింజలు కూడా ఎక్కించుకున్నాయి. సిడ్నీలో అవి నిలవలేదు. ఆ తర్వాత నూరేళ్ళకు పైగా అది టీ దేశమే. పశువుల కాపర్లు సైతం రేకు డబ్బాలో టీ కాచుకుని తాగేవారు. 1880లలో మద్యపానానికి వ్యతిరేకంగా పెద్ద ఉద్యమం వచ్చింది. 1992లో మన నెల్లూరు జిల్లా ఆడవాళ్ళు సారా మీద కొంగు బిగించడం మనందరికీ గుర్తే కదా. అక్కడ ఆ ఉద్యమకారులు సారాయి లేని హోటళ్ళు కట్టి వాటికి ‘కాఫీ ప్యాలెస్’లని పేరు పెట్టారు. 1888లో మెల్‌బోర్న్‌లో కట్టిన ఫెడరల్ కాఫీ ప్యాలెస్ నిజంగా రాజభవనంలాగే ఉండేది. 1973లో దాన్ని పడగొట్టేశారు. పేరు కాఫీదే అయినా, ఆ ఉద్యమంతో జనానికి కాఫీ అలవాటు కాలేదు. ఇళ్ళలో కాఫీ అంటే చికోరీ కలిపిన కషాయం సీసాలో కొనుక్కుని వేడినీళ్ళలో కలుపుకోవడమే.

నిషేధంతోనూ, భవంతులతోనూ రాని రుచి తరువాత పెట్టెలు మోసుకొచ్చిన మనుషులతో వచ్చింది. అయితే ఆ మనుషుల్ని రానివ్వడానికి ఆ దేశానికి చాలాకాలం పట్టింది.

యాభై మాటల పరీక్ష

మెల్‌బోర్న్‌లో ఫ్లిండర్స్ వీధిలో పాత కస్టమ్స్ కచేరీ ఉంది. 1998 నుంచి అది వలసల మ్యూజియం. మా కోడలు జంతుప్రదర్శనశాలకు తీసుకెళతానంది. నేను ఈ కచేరీకే వెళతానన్నాను. అక్కడ రెండు పూటలు గడిపాను.

1901లో ఆస్ట్రేలియా రాష్ట్రాలన్నీ కలిసి ఒక దేశమయ్యాయి. కొత్త పార్లమెంటు చేసిన తొలి చట్టాల్లో వలసల నియంత్రణ చట్టం ఒకటి. నల్లవారు, పచ్చవారు రాకూడదన్నది ఉద్దేశం. కానీ చట్టంలో రంగు ఊసే లేదు! వచ్చినవాడికి అధికారి ఏదైనా ఒక యూరప్ భాషలో యాభై మాటలు డిక్టేషన్ చెబుతాడు. రాయలేకపోతే దిగడానికి వీల్లేదు. ఏ భాష అన్నది అధికారి ఇష్టం. ఇంగ్లీషు వచ్చినవాడికి ఇంకో భాషలో పెట్టవచ్చు. 1934లో కిష్ అనే పత్రికా రచయితను దిగనివ్వకూడదనుకున్నారు. ఆయనకు చాలా యూరప్ భాషలు వచ్చు. అందుకని స్కాట్లండు కొండల్లో కొద్దిమంది మాట్లాడే గేలిక్ భాషలో పరీక్ష పెట్టారు. ఆ దేశపు హైకోర్టు అది చెల్లదని కొట్టేసింది.

ముప్ఫై ఆరేళ్ళు జీ.ఓ.లు చదివినవాణ్ణి. నిబంధన మాటల్లో ఒకటి, అమలులో ఒకటి ఎలా ఉంటుందో నాకు తెలుసు. అయినా ఆ అద్దాల పెట్టె ముందు నిలబడి నిర్ఘాంతపోయాను. ఆ పరీక్షను 1958లో తీసేశారు. 1966లో షరతులు కొంత సడలాయి. 1973లో జాతిని బట్టి వలసలు నిర్ణయించే పద్ధతిని పూర్తిగా ఎత్తేశారు. మా అబ్బాయి అక్కడికి చేరింది ఆ తర్వాత ముప్ఫై అయిదేళ్ళకు.

ఇటలీ, గ్రీసు దేశాలవాళ్ళను చట్టం ఆపలేదు గానీ, వాళ్ళూ ఆ దేశానికి ఇష్టమైన చుట్టాలు కారు. రెండో ప్రపంచ యుద్ధంలో ఇటలీ శత్రుదేశం కావడంతో అక్కడ ఎప్పటినుంచో కాపురముంటున్న ఇటలీవారిని వేలమందిని నిర్బంధ శిబిరాల్లో పెట్టారు. ఉత్తర ఆఫ్రికాలో పట్టుబడ్డ ఇటలీ సైనికులను కూడా పొలం పనులకు తెచ్చారు. వాళ్ళలో చాలామంది అంతకుముందు మన దేశంలో, బెంగుళూరు వంటి చోట్ల, బందీలుగా ఉండి వెళ్ళినవారే.

1942లో జపాను విమానాలు డార్విన్ పట్టణం మీద బాంబులు వేశాయి. ఖండమంత దేశానికి అప్పటి జనాభా 70 లక్షల పైచిలుకు మాత్రమే. జనాన్ని పెంచుకోకపోతే దేశం దక్కదనే భయం పట్టుకుంది. 1945లో వలసలకంటూ ప్రత్యేక శాఖ పెట్టి ఆర్థర్ కాల్వెల్‌ను తొలి మంత్రిగా వేశారు. ఇంగ్లీషువాళ్ళు సరిపడా రాకపోవడంతో, మొదట యుద్ధంలో ఇళ్ళూ వాకిళ్ళూ పోగొట్టుకున్న తూర్పు యూరప్ జనాన్ని, తర్వాత 1951లో ఇటలీతో, 1952లో గ్రీసుతో ఒప్పందాలు చేసుకుని అక్కడివాళ్ళను రప్పించారు. ఓడ ఖర్చులో సాయం చేస్తారు. బదులుగా రెండేళ్ళు ప్రభుత్వం చూపించిన పని చేయాలి. 1947 జనాభా లెక్కల్లో ఇటలీలో పుట్టినవారు 33 వేలు. 1971 నాటికి 2 లక్షల 89 వేలు. గ్రీసులో పుట్టినవారు 12 వేల నుంచి 1 లక్షా 60 వేలకు పెరిగారు.

పెద్దాయన చెప్పిన సంగతులు

మ్యూజియంలో చదివినదానికి ప్రాణం పోసింది మా అబ్బాయి పెద్దాయన. ఆయన 2012లో కొట్టు అమ్మేశారు. భార్య పోయారు. పిల్లలు వేరే ఊళ్ళలో స్థిరపడ్డారు. 84 ఏళ్ళ వయసులో పెరట్లో టమాటాలు పండించుకుంటూ ఒక్కరే ఉంటున్నారు. మొదటి రోజు నేను చేతులు జోడించి, “మా వాణ్ణి కాపాడారు” అంటే, ఆయన నా చేతులు విడదీసి పట్టుకుని, “కప్పులు కూడా బాగా కడిగేవాడు” అన్నారు.

1956లో 17 ఏళ్ళ వయసులో కలబ్రియా ప్రాంతంలోని పల్లెటూరి నుంచి నెల రోజులు ఓడలో వచ్చి మెల్‌బోర్న్ స్టేషన్ పియర్ రేవులో దిగారు. అక్కణ్ణుంచి రైల్లో బొనెగిలా శిబిరం. అది పాత సైనిక శిబిరం, రేకుల షెడ్లు. 1947 నుంచి 1971 దాకా మూడు లక్షల మందికి పైగా ఆ శిబిరం గుండా దేశంలోకి వెళ్ళారు. పూటపూటా గొర్రె మాంసం పెట్టేవారట. పని చూపిస్తామని రప్పించి నెలల తరబడి కూర్చోబెట్టినందుకు 1952లో అక్కడి ఇటలీవాళ్ళు తిరగబడ్డారు కూడా. ఈయనకు కార్ల ఫ్యాక్టరీలో పని దొరికింది. ట్రాములో స్నేహితుడితో తన భాషలో మాట్లాడితే “ఇంగ్లీషులో ఏడవండి” అని అరిచేవారట. వెల్లుల్లి వాసనని ముక్కు మూసుకునేవారట.

“మరి కాఫీ?” అని అడిగాను.

“ఆరు గంటల చట్టం వల్ల” అన్నారు.

నాకు అర్థం కాలేదు. ఆయన విడమరచి చెప్పారు. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో, 1916లో, సాయంత్రం ఆరింటికే సారా దుకాణాలు మూసెయ్యాలని విక్టోరియా రాష్ట్రంలో చట్టం వచ్చింది. అది 1966 దాకా అమల్లో ఉంది. అయిదింటికి ఫ్యాక్టరీ వదిలితే గంటలో తాగినంత తాగి జనం రోడ్డున పడేవారు. ఆరు దాటితే ఊరు నిశ్శబ్దం. అద్దె గదుల్లో ఆరేడుగురు చొప్పున ఉండే పెళ్ళికాని కుర్రవాళ్ళకు, రాత్రిపూట కూర్చుని నాలుగు మాటలు చెప్పుకునే చోటే లేదు. ఆ చోటు కాఫీ కొట్టు. ఊరి కబురు అక్కడే, ఉద్యోగం సమాచారం అక్కడే, ఉత్తరం రాయించుకోవడం అక్కడే, పెళ్ళి సంబంధాలూ అక్కడే. మన ఊళ్ళలో రచ్చబండ అన్నమాట, కాకపోతే పైన ఆవిరి యంత్రం.

ఆ యంత్రం సంగతీ చెప్పాలి. మన ఫిల్టరులో నీరు తన బరువుతో తాను చుక్కలు చుక్కలుగా దిగుతుంది. అరగంట పడుతుంది. ఇటలీలో 1901 ప్రాంతం నుంచే ఆవిరి ఒత్తిడితో కాఫీ దించే యంత్రాలున్నాయి గానీ, వాటిలో ఒత్తిడి తక్కువ, మాడు రుచి ఎక్కువ. మిలాను నగరంలో అకిలె గాజియా అనే ఆయన యుద్ధం ముగిశాక, 1948 నాటికి, పిడి ఉన్న యంత్రం తయారు చేశాడు. పిడి కిందికి లాగితే లోపలి స్ప్రింగు బిగుస్తుంది. వదిలితే ఆ స్ప్రింగు వేడినీటిని పొడిలోంచి గట్టిగా నెడుతుంది. మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి సుమారు తొమ్మిది రెట్లు. అరనిమిషంలో చిక్కటి డికాక్షను, పైన బంగారు రంగు మీగడలాంటి నురగ. వలస జనం ఓడలెక్కే రోజులూ, ఈ యంత్రం బజారులోకి వచ్చిన రోజులూ ఒకటే కావడం ఆ దేశపు అదృష్టం.

1954లో మెల్‌బోర్న్ బర్క్ వీధిలో పెలెగ్రిని సోదరులు తమ ఇంటిపేరుతోనే ఎస్ప్రెసో బారు తెరిచారు. అది ఇప్పటికీ ఉంది. ఎర్ర దీపాల బోర్డు, గోడవారగా ఎత్తు స్టూళ్ళు. నేనూ ఒక స్టూలు ఎక్కి కూర్చున్నాను, మోకాళ్ళు ఒప్పుకోకపోయినా. లైగన్ వీధి అంతా ఇటలీవాళ్ళ కొట్లతో నిండింది. 1962లో అక్కడే గ్రైండర్స్ అనే కాఫీ వేయించే దుకాణం మొదలైంది. సిడ్నీలో 1947లో కాంటరెల్లా సోదరులు పెట్టిన వ్యాపారం నుంచే విట్టోరియా కాఫీ పుట్టింది.

కథంతా ఇటలీవారిదే అనడం కూడా సరికాదు. సిడ్నీలో గ్రీకు వారైన ఆండ్రొనికస్ కుటుంబం 1910 నుంచే కాఫీ అమ్మింది. 1930లో రష్యా నుంచి వచ్చిన ఇవాన్ రెపిన్ కాఫీ శాలలు తెరిచాడు. 1932లో మిక్ ఆడమ్స్ అనే ఆయన మార్టిన్ ప్లేస్‌లో పెట్టిన పాల దుకాణం దేశమంతటా ‘మిల్క్ బార్’లకు మూలమైంది. ఆయనదీ గ్రీసే. అసలు పేరు యోకిం తవ్లరీడిస్. ఆ పేరుతో బోర్డు పెడితే గిరాకీ రాదని పేరు మార్చుకున్నవాళ్ళు ఆ రోజుల్లో చాలామంది. చిన్న పట్టణాల్లో ఉన్న ఏకైక హోటలు చాలాచోట్ల గ్రీకువాళ్ళదే. యుద్ధకాలంలో వచ్చిన అమెరికా సైనికులు కాఫీ అడగడం, 1942 నుంచి 1950 దాకా టీకి రేషను ఉండడం కూడా కొంత కలిసొచ్చాయి. మొత్తానికి 1970ల చివరికి వచ్చేసరికి, ఆ టీ దేశంలో టీ కన్నా కాఫీ వాడకమే ఎక్కువైంది.

ఎవరిదీ కాఫీ?

ఇక్కడ ఒక విశేషం గమనించాలి. ఇటలీలో కపుచినో పొద్దుటిపూట తాగుతారు. మధ్యాహ్నం దాటితే పాలు కలపని ఎస్ప్రెసోయే. ఆస్ట్రేలియాలో పాడి సమృద్ధి. జనం రోజంతా పాలకాఫీ అడిగారు. కొట్టువాళ్ళు కాదనలేదు. అలా ఇటలీ యంత్రం, ఆస్ట్రేలియా పాలు కలిసి ఫ్లాట్ వైట్ పుట్టింది. 1980లలో సిడ్నీలో పుట్టిందని వీళ్ళు, మా వెల్లింగ్టన్‌లో పుట్టిందని న్యూజిలాండువాళ్ళు వాదించుకుంటారు. రసగుల్లా మాదంటే మాదని బెంగాలీలు, ఒరియావాళ్ళు వాదించుకున్నట్టే.

మనకు మాత్రం ఇది కొత్తా? హైదరాబాదుకు ఇరానీ చాయ్ తెచ్చినవారు ఇరాన్ నుంచి వచ్చినవారే. మన పట్టణాల్లో కాఫీ హోటలంటే ఉడిపివాళ్ళదో, అయ్యరుదో అయి ఉండేది. ఇప్పుడవి మనవి కావని ఎవరంటారు?

2000 సంవత్సరంలో అమెరికా కంపెనీ స్టార్‌బక్స్ ఆస్ట్రేలియాలో దిగింది. ఎనిమిదేళ్ళలో 84 కొట్లు పెట్టి, 2008లో వాటిలో 61 మూసేసింది. నష్టాలకు కారణాలు ఎన్ని చెప్పినా, పేటపేటకూ తన మొహం, తన కాఫీ ఎరిగిన కొట్టువాడున్న జనానికి కొత్త కంపెనీ అవసరం లేకపోయింది. 2015లో అదే కంపెనీ అమెరికాలోని తన కొట్లలో ఫ్లాట్ వైట్ అమ్మడం మొదలుపెట్టింది!

ఇంకొక్క సంగతి. పెలెగ్రిని కొట్టును 1974 నుంచి సిస్టో మలస్పీనా, నీనో పంగ్రాజియో అనే ఇద్దరు నడిపారు. వాళ్ళూ ఇటలీ నుంచి వచ్చినవారే. 2018 నవంబరు 9న బర్క్ వీధిలో ఒక ఉన్మాది తన వాహనానికి నిప్పు పెట్టి, కత్తితో జనం మీద పడ్డాడు. మంటలు చూసి సాయం చేయబోయిన సిస్టో అక్కడే ప్రాణాలు వదిలాడని అప్పట్లో అందరూ చెప్పుకున్నారు. ఆయనకు 74 ఏళ్ళు. కొట్టు ముందు పూలు గుట్టలుగా పోశారు. విక్టోరియా ప్రభుత్వం ఆయనకు అధికార లాంఛనాలతో అంత్యక్రియలు జరిపించింది. సెయింట్ పాట్రిక్ చర్చి లోపల చోటు చాలక జనం బయట నిలబడ్డారు. ఒక కాఫీ కొట్టు యజమానికి! వెల్లుల్లి వాసనని ముక్కు మూసుకున్న నగరమే అది.

కుర్చీల కింద బాబా బుడన్

మా పెద్దాయన కొట్టు ఇప్పుడు వియత్నాం కుటుంబం నడుపుతోంది. 1976లో వియత్నాం నుంచి శరణార్థుల మొదటి పడవ డార్విన్ చేరింది. ఆ తర్వాత వచ్చినవారు తమ రేకు ఫిల్టరూ, గడ్డపాల కాఫీ తెచ్చారు. ఫుట్స్‌క్రే పేటలో ఇథియోపియావాళ్ళు గింజలు అప్పటికప్పుడు వేయించి మట్టి కూజాలో కాచి ఇస్తారు. కాఫీ పుట్టిల్లే వాళ్ళ దేశం.

ఒకరోజు మా అబ్బాయి “మీకొకటి చూపిస్తా” అని లిటిల్ బర్క్ వీధిలో చిన్న కొట్టుకు తీసుకెళ్ళాడు. పైకప్పు నిండా కుర్చీలు తలకిందులుగా వేలాడుతున్నాయి. బయట పేరు చదివి ఆగిపోయాను. ‘బ్రదర్ బాబా బుడన్’! 17వ శతాబ్దంలో మక్కా యాత్ర నుంచి వస్తూ యెమెన్ నుంచి ఏడు కాఫీ గింజలు దాచి తెచ్చి మన చిక్కమగళూరు కొండల్లో నాటాడని చెప్పుకునే ఫకీరు ఆయనే. నేను ఉత్సాహంగా ఆ కథ చెప్పబోతే, కాఫీ పోసే అమ్మాయి నవ్వి, “తెలుసు సార్, కార్ల్‌టన్‌లో ‘సెవెన్ సీడ్స్’ అని ఇంకో కొట్టు కూడా ఉంది” అంది. గింజలు దాటించిన మనిషిని మనం కాఫీ తాగుతూ ఏనాడైనా తలుచుకున్నామా? వాళ్ళు బోర్డు మీద పెట్టుకున్నారు.

చికోరీ వాసన

తిరుగు ప్రయాణానికి వారం ముందు పెద్దాయనను భోజనానికి పిలిచాం. మా ఆవిడ పప్పు, దోసకాయ పచ్చడి చేసింది. భోజనమయ్యాక నేను ఇత్తడి ఫిల్టరులో డికాక్షను దించి, చిక్కటి పాలతో కాఫీ కలిపి ఇచ్చాను. అరవై ఏళ్ళు కాఫీతో బతికిన మనిషి, ఏమంటారోనని నాకు బెరుకుగానే ఉంది.

ఆయన ఒక గుటక వేసి ఆగారు. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకున్నారు. “ఇందులో చికోరీ ఉంది” అన్నారు.

ఉందన్నాను. అదేదో తప్పు చేసినట్టు, మా వైపు అలవాటండీ అని సర్దిచెప్పబోయాను. ఆయన వినలేదు. యుద్ధం రోజుల్లో వాళ్ళ పల్లెలో కాఫీ గింజ కనబడేది కాదట. వాళ్ళమ్మ చికోరీ వేరు వేయించి, దంచి, కాచి ఇచ్చేదట. ఎనభై ఏళ్ళ కిందటి వాసన అది. ఇక్కడికొచ్చాక అది పేదవాళ్ళ సరుకని తన కొట్టులోకి ఎప్పుడూ రానివ్వలేదట.

కాసేపయ్యాక ఆయనే అన్నారు: “నేను బయల్దేరిన రోజు మా నాన్న రేవుదాకా రాలేదు. పొలానికి వెళ్ళిపోయాడు. నేను కొట్టు పెట్టింది 1968లో. ఆయన పోయింది 1971లో. ఉత్తరం అందేసరికి పది రోజులైంది. నా చేతి కాఫీ ఆయన తాగలేదు.” నా వైపు చూసి, “మీరు వచ్చారు. మంచి పని చేశారు” అన్నారు.

2009లో “వచ్చెయ్యి” అన్నవాణ్ణి నేను. వాడు నా మాట విని వచ్చేసి ఉంటే తప్పని కూడా ఎవరూ అనేవారు కారు. వెళ్ళినవాళ్ళ కథ మ్యూజియంలో ఉంది. రేవుదాకా రాలేక పొలానికి వెళ్ళిపోయిన తండ్రుల కథ ఏ అద్దాల పెట్టెలోనూ కనబడలేదు. మనలో చాలామందిమి ఆ తండ్రులమే కాబట్టి ఈ ముక్క రాస్తున్నాను.

ఇక నోటు ముగించి లెక్క తేల్చాలి. ఆస్ట్రేలియా కాఫీలో గింజ పుట్టుక ఇథియోపియాది. యంత్రం మిలానుది. పాలు విక్టోరియా పచ్చిక బయళ్ళవి. రాత్రిపూట కూర్చోవడానికి చోటు లేకుండా చేసిన చట్టం ఇంగ్లీషువారిది. ఆ చోటు కల్పించిన చేతులు ఇటలీ, గ్రీసు పల్లెలవి. ఇందులో ఏ ఒక్క పాలు తీసేసినా అది ఆస్ట్రేలియా కాఫీ కాదు. 2021 జనాభా లెక్కల ప్రకారం ఆ దేశంలో భారతదేశంలో పుట్టినవారు 6 లక్షల 73 వేల మంది. వాళ్ళలో మన తెలుగు పిల్లలు ఎందరో. వాళ్ళ పాలు ఏమిటో మన మనవల కాలానికి తేలుతుంది.

నేను ఏటా ఇవ్వాల్సిన లైఫ్ సర్టిఫికెట్ టైముకు తిరిగి వచ్చేశాను. ఫిల్టరు మాత్రం అక్కడే ఉంచి వచ్చాను. ఆదివారం పూట మా అబ్బాయి వెళ్ళి పెద్దాయనను ఇంటికి తీసుకొస్తాడు. డికాక్షను దిగేదాకా అరగంట ఆగాలని మా మనవడు ఆయనకు గడియారం చూసి చెబుతాడట. యంత్రంలో అరనిమిషంలో దించిన మనిషి, ఆ అరగంటా కూర్చుంటారట.

పిల్లల దగ్గరికి ప్రయాణం కట్టే సభ్యులకు నా మనవి ఒకటే. పెట్టెలో ఫిల్టరుకు చోటుంచండి. కాఫీపొడి తెచ్చామని విమానాశ్రయంలో ఫారం మీద తప్పకుండా రాయండి. గుమాస్తాగా చెబుతున్నాను, ఫారం దగ్గర మొహమాటం పనికిరాదు.